వెనకవైపు చెల్లు

పోయిన వారం మనం యలమంద మాస్టరుని వాళ్లింటి వసారాలోనే, నోట్లో వేపపుల్లతో, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పెళ్లి కాని కుర్రవాణ్ణి వారం రోజులు పళ్లు తోముకోనివ్వకుండా ఉంచడం పాపమే. అయినా తప్పలేదు, పేజీ అయిపోయింది.

అప్పుడు రానివాళ్ల కోసం రెండు ముక్కలు. యలమంద గురజాల బోర్డు హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఫిఫ్త్ ఫారం పిల్లలకి శనివారం ఆఖరి పీరియడు ఒకటి కొత్తగా పెట్టించాడు. ప్రోనోటు చదవడం, వడ్డీ కట్టడం, రసీదు అడిగి తీసుకోవడం, పోస్టాఫీసులో అణా అణా దాచుకోవడం, ఇవీ అందులో పాఠాలు. టైంటేబుల్లో దాని పేరు లోకవ్యవహారం. పిల్లలు పెట్టుకున్న పేరు అప్పుల పీరియడు. మొదట్లో ఇష్టమున్నవాళ్లు రండి అన్నాడు. ఏడుగురొచ్చారు. చూస్తే ఏడుగురూ అప్పులిచ్చే ఇళ్ల పిల్లలే. అప్పులు తెచ్చుకునే ఇళ్ల పిల్లలు గోళీలాడుకోవడానికి పోయారు. అది చూశాక మాస్టరు హెడ్మాస్టరు జయరాజుగారి వెంటపడి, ప్రతి పిల్లవాడూ కూర్చుని తీరాలని ఆర్డరు రాయించుకున్నాడు. దాంతో ఊళ్లో ఎప్పుడూ కలవని పెద్దమనుషులంతా ఒక్కటయ్యారు. ఇంటి గుట్టు బడికెక్కుతోందంటూ గుంటూరుకి అర్జీ పోయింది. మంగళవారం జిల్లా బోర్డు ఆఫీసరు స్వయంగా వస్తున్నాడు. ఆయన ఊ అంటే జిల్లా బోర్డు హైస్కూళ్లన్నిటిలోనూ ఈ పీరియడు తప్పనిసరి. ఊహూ అంటే గురజాలలో ఉన్నదీ ఊడిపోతుంది.

ఇట్లా ఉండగా ఆదివారం పొద్దున్నే దూదేకుల నాగూర్ వలి వచ్చి వసారా మెట్టు కింద నిలబడి, "మాస్టరుగారూ, మీరు పిల్లలకి తప్పు పాఠం చెప్పారు" అన్నాడు. అక్కడే ఆగాం.

యలమంద పుల్ల తీసి పారేసి, నోరు పుక్కిలించి వచ్చాడు. నాగూర్ వలి ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ ఇంత దూది పోగు ఉంటుంది, తుడుచుకున్నా పోదు. దూదేకే విల్లు గోడకి చేరవేసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. చలి మొదలైంది, అంటే అతనికి చేతినిండా పని ఉండే రోజులు. ఆ పని మానుకుని వచ్చాడంటే విషయం చిన్నది కాదు.

వసారాలో ఇంకో చివర మాస్టరు తల్లి అంకమ్మ నాపరాయి మీద కాళ్లు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కొడుకు తప్పు పాఠం చెప్పాడన్న మాట చెవినపడినా ఆమె చెయ్యి ఆగలేదు. టప్ టప్ మని కాయలు పగులుతూనే ఉన్నాయి.

"రా మామా, పైకొచ్చి కూచో. ఏ పాఠం?" అన్నాడు యలమంద. అంకమ్మని అక్కా అని పిలుస్తాడు కాబట్టి నాగూర్ వలి అతనికి చిన్నప్పట్నుంచీ మామే.

నాగూర్ వలి మెట్టెక్కి అంచున కూర్చున్నాడు. "అదే బాబూ, చెల్లు పాఠం. నిన్న కాదు, అంతకుముందు శనివారం మా సుభానీ బడి నుంచి వొచ్చి ఏమన్నాడో తెలుసా? 'నాయనా, కాయితం వెనక చెల్లు రాస్తే అప్పు తీరినట్టు కాదంట. కొంచెం కట్టినట్టంట. అట్టా రాసి వేలేస్తే, చచ్చిపోబోయే నోటుకి ఇంకో మూడేళ్లు ఆయుష్షు పోసినట్టంట' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చెల్లంటే ఏందో నాకు తెలవదా? మా తాత కాడ్నించి అంటన్న మాటేగా. చెల్లుకు చెల్లు. నీకూ నాకూ చెల్లు. చెల్లిపోయిందంటే అయిపోయినట్టేగా?"

 పాఠం చెప్పేటప్పుడు ఈ చిక్కు యలమంద బుర్రకి తట్టనేలేదు. బల్ల మీద గీతలు గీసి, తేదీలు వేసి, ప్రోనోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పట్టి నోటు చచ్చిపోతుందనీ, ఈ లోపల ఒక్క రూపాయి కట్టి వెనక చెల్లు వేసినా మళ్లీ మొదట్నుంచి మూడేళ్లనీ గడగడా చెప్పుకుపోయాడు. నలభై ఇద్దరు పిల్లలు రాసుకున్నారు. చెల్లు అనే మాటకి వాళ్ల ఇళ్లల్లో ఏం అర్థం ఉందో అడగలేదు.

"అది కాదు మామా, వాడుకలో అట్లా అంటాం గానీ..."

"నన్ను చెప్పనీయండి బాబూ. మా ఆడమనిషికి జబ్బు చేసినప్పుడు అంకమ్మక్క దగ్గర నూరు రూపాయలు తీసుకున్నా. మూడేళ్లు తిప్పలు పడ్డా, పైసా కట్టలేకపోయా. చివరికి మనిషీ దక్కలా. ఆమె పోయిన నెలకి అయిదు రూపాయలు కూడబెట్టి తెస్తే, అక్క తీసుకొని 'చెల్లు రాయిస్తన్నా నాగూరూ, వెయ్యి వేలు' అంది. వేశా. నూరు రూపాయల అప్పు అయిదు రూపాయలకి కొట్టేసిందే, ఈమె మనిషా దేవతా అనుకున్నా. ఇంటికి పోయి బెల్లం మీద ఫాతెహా చదివించి మీ అమ్మ పేరు చెప్పి వాడంతా పంచా. ఇయ్యాల్టికీ నమాజులో మా వాళ్లతో పాటు ఆమె పేరు కూడా తలుచుకుంటా."

టప్ మన్న చప్పుడు ఆగిపోయింది.

నాగూర్ వలి అది గమనించలేదు. "వాడు ఊరుకున్నాడా? అన్నం కాడ కూచొని, 'ఆమె వదల్లేదు నాయనా, నిన్ను మోసం చేసింది' అన్నాడు. చెంప మీద ఒకటిచ్చా బాబూ. పదహారేళ్లొచ్చినోణ్ణి. పుట్టి బుద్ధెరిగాక వాడి మీద చెయ్యెత్తింది అదే. వారం నుంచి వాడు నాతో మాటాడ్డంలా. ఆ కోపంలోనే సోమవారం కరణంగారింటి కాడ అర్జీ తెస్తే వేలేశా. మొదటి వేలిముద్ర నాదే. మిమ్మల్ని అనాలని కాదు. ఒక మంచి మనిషిని దొంగని చేసే చదువు నా బిడ్డకెందుకనిపించింది." తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "మీరు పాఠం దిద్దండి. మా వాడికి చెప్పండి, పొరపాటయిందని. అర్జీ సంగతి నేను చూసుకుంటా."

ఎవరి కోసం ఆ పీరియడు పెట్టించాడో ఆ మనిషే దాన్ని తీసెయ్యమని మొదటి వేలు వేశాడు. యలమందకి కోపం రావలసింది. రాలేదు.  పాఠం సరైనదని అతనికి తెలుసు. సరైనదని చెబితే తల్లి ఏమవుతుందో కూడా తెలుసు. తల్లి వైపు చూశాడు.

అంకమ్మ చేట పక్కన పెట్టి, ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుంది. దాచడం, నసగడం ఆమె జాతకంలో లేవు.

"పాఠం సరైందే నాగూరూ. వాడు తప్పు చెప్పలా. నీ అప్పు తీరలా."

నాగూర్ వలి నవ్వాడు. మేలమాడుతోందనుకున్నాడు. ఆమె నవ్వకపోయేసరికి అతని నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది, తీసేసుకోవడం మర్చిపోయినట్టు.

అంకమ్మ లేచి లోపలికి పోయింది. గడియారంలో ముల్లు కదిలినంత నిదానంగా తాళం తిరిగింది, రేకుపెట్టె మూత కిర్రుమంది. మడత పెట్టిన కాగితం తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "చదువు. నాకు చదువు రాదు. బళ్లో చదివి చెబుతావుగా, ఇంట్లో కూడా చెప్పు."

యలమంద కాగితం విప్పాడు. నాలుగు మడతల దగ్గరా చిరుగు పట్టింది. నూరు రూపాయలు, నూటికి నెలకి రూపాయి వడ్డీ, స్టాంపు మీద వేలిముద్ర, కింద కరణం దస్తూరి. అంతా చదివాడు. తర్వాత తిప్పాడు.

వెనక ఒకే ఒక్క చెల్లు ఉంది. "ఈ నోటు బాపతు నేను ఈ దినం చెల్లు పెట్టిన రొక్కం అక్షరాలా అయిదు రూపాయలు. 19-11-1944." దాని పక్కన వేలిముద్ర. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దీర్ఘాలు కొంచెం పైకి లేచి, చివర వంపు తిరిగి ఉన్నాయి. గుంటూరులో బి.ఏ. చదివే రోజుల్లో అట్లా రాయడం అతనికో సరదా. కింద దస్తూరి అని, దాని పక్కన యలమంద అనే సంతకం.

అతనికి ఆ రోజు కళ్లకి కట్టింది. ఆదివారం. స్నేహితులు ఎత్తిపోతల చూడ్డానికి బండి కట్టించుకుని వీధిలో ఆపారు. ఎడ్ల మెడల్లో గంటలు మోగుతున్నాయి. "ఒరే, ఒక్క ముక్క రాసిపెట్టి పోరా" అంది తల్లి. నిలబడే, గోడకి కాగితం ఆనించి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. పక్కన ఎవరో దూది పోగుల మనిషి వేలికి సిరా రాసుకుంటున్నాడు. తొందరలో, అది నాగూర్ మామేనని తలెత్తి కూడా చూడలేదు. ఆ ఏడు కాలేజీలో లెక్కల్లో మొదటి మార్కు అతనిదే. తను రాసిన ఆ ఒక్క వాక్యం ఏం చేస్తుందో మాత్రం అతనికి తెలియదు. రెండేళ్ల తర్వాత, ఒక వకీలు గుమాస్తాతో రైల్లో పిచ్చాపాటీ మాట్లాడుతుంటే తెలిసింది. అప్పుడు కూడా ఇది గుర్తుకు రాలేదు.

రాసినవాడికి తెలియదు, వేలు వేసినవాడికి తెలియదు. ఆ వసారాలో ఆనాడు తెలిసిన మనిషి చదువు రాని అంకమ్మ ఒక్కతే.

"మామా, ఇది నా రాతే." యలమంద కాగితాన్ని అతని ముందు పెట్టాడు. "నేనే రాశాను. నాకప్పుడు దీని అర్థం తెలియదు. తెలిస్తే నీకు చెప్పేవాణ్ణి."

నాగూర్ వలి కాగితం వంక చూశాడు. అతనికి అక్షరాలు రావు. తన వేలిముద్రని మాత్రం గుర్తుపట్టాడు. దాన్ని మెల్లిగా వేలితో నిమిరాడు.

"అయితే మా వాడు చెప్పింది నిజమేనన్నమాట" అన్నాడు. ఇంకాసేపటికి, "ఊరికెనే కొట్టా" అన్నాడు. అప్పు గురించి కాదు, ముందు ఆ దెబ్బ గురించే బాధపడ్డాడు ఆ తండ్రి. అది చూసి యలమందకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనెప్పుడన్నా వదిలేశానన్నానా నాగూరూ?" అంది అంకమ్మ. గొంతు పెంచలేదు. "చెల్లు రాయిస్తన్నా అన్నా. అందరితో అనేదే నీతోనూ అన్నా. నువ్వు అట్టా అనుకుంటావని నాకేం తెలుసు? ఇరవై ఎనిమిదో ఏట ముండమోశా. ఉన్నది మూడెకరాల బీడు, వాన పడితే జొన్నా పత్తీ, పడకపోతే రాళ్లు. ఇదిగో, ఈ కాయితాలే నా పిల్లల్ని సాకినయ్యి. వీడి బి.ఏ. ఏందనుకున్నావు? అదీ ఈ కాయితాలే." కొడుకు వైపు తిరిగింది. "బళ్లో చెప్పేటప్పుడు అది కూడా చెప్పరా, తెలుసుకుంటారు."

యలమంద తల వంచుకున్నాడు. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అదే కష్టంగా ఉంది.

"ఎంతయింది బాబూ?" అన్నాడు నాగూర్ వలి.

"ఆరేళ్లకి వడ్డీ డెబ్బై రెండు. నీ అయిదూ పోను మొత్తం నూట అరవై ఏడు."

నాగూర్ వలి ఆ అంకెని పెదాలతో ఒకసారి అనుకున్నాడు. ఏడాదంతా దూదేకినా అంత మిగలదు. అయినా తల ఊపాడు. "ఉన్న అప్పు ఉన్నట్టే. నేను ఎగ్గొట్టే మనిషిని కాదక్కా."

"అది నాకు తెలుసు. అందుకే నీకిచ్చా" అంది అంకమ్మ. "బుధవారానికి మూడేళ్లు నిండతాయి. ఇయ్యాల ఒక్క రూపాయి ఇచ్చి వేలు వెయ్యి. నీ పీకల మీద కూచోను, కోర్టుకి పోను. నిదానంగా కట్టుకో. ఒరే యలమందా, కలం తే. రాయి."

"నేను రాయను."

"నువ్వు రాయకపోతే కరణం రాస్తాడు, అణా తీసుకొని."

"రాయనీ. ఒకసారి తెలియక రాశాను. ఇప్పుడు తెలిసి రాయను."

"తగువొద్దు బాబూ, నాకోసం మీరు పోట్లాడుకోబాకండి." నాగూర్ వలి మొలలోంచి గుడ్డముడి తీసి రూపాయి బయటకి తీశాడు. అరుగు మీద ఉన్న సిరాబుడ్డి మూత తనే తిప్పి, బొటనవేలు ముంచాడు. యలమంద ఆపలేకపోయాడు. ఆ మనిషి మర్యాదని ఏ పాఠంతో ఆపుతాడు?

సిరా వేలితో నాగూర్ వలి కాగితం వైపు వంగాడు. వంగి, ఆగాడు.

"బాబూ, ఆ వెనకవైపు ఇంకేం రాసుందో చదవండి."

"ఇంకేం లేదు మామా. ఆ ఒక్క చెల్లే."

"పరుపులు లేవా?"

"ఏ పరుపులు?"

"చెల్లు రాసిన మరుసటేడు మీ అక్కని కాపరానికి పంపేటప్పుడు రెండు పరుపులు కుట్టిచ్చా. దూది మీ చేలోదే. ఏకింది నేను, కుట్టింది నేను. మూడేళ్లుగా చలికాలం రాగానే ఏటా ఒక బొంత తెచ్చిచ్చా. కూలి ఇస్తానంటే నీ దగ్గర తీసుకుంటానా అక్కా అన్నా." అంకమ్మ వైపు తిరిగాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప. "వాటికి చెల్లేదక్కా?"

 మాటకి మాట అప్పజెప్పే అంకమ్మ, ఒక వేరుశనక్కాయ తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది.

"అయ్యి నువ్వు ఇష్టపడి తెచ్చినయ్యి" అంది చివరికి. "వడ్డీ కట్టలేక మొహమాటానికి తెస్తన్నావనుకున్నా."

"అప్పు తీరిందనుకొని ఇష్టపడ్డా. తీరలేదంటే అయ్యి కూలే గదా అక్కా?"

యలమంద ఆ మాట విని నిటారుగా కూర్చున్నాడు. ఇన్ని శనివారాలు తను నల్లబల్ల మీద చెప్పలేకపోయింది ఇదే. అక్షరం ముక్క రాని దూదేకుల మనిషి సిరా వేలు గాల్లో పెట్టుకుని ఒక్క ప్రశ్నలో అడిగేశాడు.

నాగూర్ వలి వేలిని తలగుడ్డకి తుడిచేశాడు. రూపాయి మళ్లీ ముడి వేశాడు. "ఇయ్యాల వెయ్యను. మంగళవారం వేస్తా, బళ్లో, ఆ ఆఫీసరుగారి ముందు, పిల్లలందరి ముందు. రూపాయి అక్కడే ఇస్తా. పరుపులకెంత, బొంతలకెంత అనేది మీరే చెప్పండి, నేను బేరమాడను. అన్నీ కలిపి చెల్లు మా సుభానీ రాస్తాడు. మీరు దగ్గరుండి తప్పుల్లేకుండా చూడండి బాబూ."

"అర్జీ మీద వేసిన వేలు?" అన్నాడు యలమంద.

"అది వేసేప్పుడు నాకెవరూ చదివి వినిపించలా. ఆఫీసరుగారికి ఆ మాటే చెబుతా." విల్లు భుజాన వేసుకుని మెట్టు దిగాడు. వీధి మలుపు దాకా ఆ తీగ గాలికి సన్నగా మోగుతూనే ఉంది. ఇంటికి పోయి ముందు కొడుకుతో ఏమంటాడో యలమందకి తెలుసు. ఆ ఒక్క సంగతికే అతని మనసు తేలికపడింది.

తల్లీ కొడుకూ మిగిలారు. అంకమ్మ బడి గుమ్మం ఎన్నడూ తొక్కి ఎరగదు. ఆగస్టులో జెండా ఎగరేసినప్పుడు ఊరంతా పోయినా, బడి ముందు కట్టిన తోరణాలు వీధిలోంచి చూసి వచ్చేసింది. ఇప్పుడు మంగళవారం వెళ్తే, నలభై ఇద్దరు పిల్లల ముందు తన కాగితం తిరగబడుతుంది. వెళ్లకపోతే బుధవారం దాటి ఆ కాగితం చిత్తు కాగితమవుతుంది. ఈ లెక్క ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అమ్మా, నువ్వు రావద్దు" అన్నాడు యలమంద. "నూట అరవై ఏడూ నా జీతంలోంచి నెలకింత నేనే..."

"నోర్ముయ్" అంది అంకమ్మ చల్లగా. "నా బాకీ నువ్వు కట్టేదేంది? ఆ అప్పుల పీరియడు ఆఫీసరుకి చూపించేది మంగళవారం ఎన్ని గంటలకి?"

"రెండింటికి."

ఆమె నోటు మడత పెట్టుకుని లోపలికి వెళ్లింది. రేకుపెట్టె మూత కిర్రుమంది. మూసిన చప్పుడు మాత్రం రాలేదు. యలమంద చెవులు రిక్కించి కూర్చున్నాడు. లోపల కాగితాలు ఒక్కొక్కటిగా నేల మీద పరుస్తున్న అలికిడి.

"ఒరే యలమందా" అంది గదిలోంచి. "నాగూరుదొక్కటే తేవాలా? ఇట్టాంటియ్యి ఇంకో పదకొండున్నాయి. వీటి వెనకున్నదీ నీ రాతేరా."